క్యాసెట్ నుంచి కార్డు దాకా: కోనసీమ షాదీ వీడియోల తారీఖ్

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఏ ముసల్మాన్ ఇంట్లోనైనా పాత అల్మారా తెరిచి చూడండి. నికాహ్‌నామా, కాలం తీరిన పాస్‌పోర్టు, వాటి వెనక నల్లటి వీహెచ్ఎస్ క్యాసెట్ ఒకటి ఉంటుంది. స్టిక్కర్ మీద దుల్హా దుల్హన్ పేర్లు, తేదీ. దాన్ని ఆడించే వీసీఆర్ మాత్రం ఉండదు. ఉన్నా పట్టేసి ఉంటుంది. ఈ క్యాసెట్టు మన ఇలాకాకు ఎలా వచ్చింది, దాని జాగాలోకి హెచ్.డి. ఎలా దూరింది, ఆ కెమెరాలనీ కంప్యూటర్లనీ మనవాళ్లు ఏ హిసాబ్‌తో కొన్నారు అన్నది రాసుకోదగ్గ తారీఖే. సినిమా కెమెరాల మీద కితాబులు ఉన్నాయి. మన ఖాందాన్ల చెహరాలు దాచిన షాదీ కెమెరా గురించి రాసేవాళ్లు తక్కువ.

వీహెచ్ఎస్‌ను జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో తెచ్చింది. మన దేశంలో కలర్ టీవీ 1982 ఏషియన్ గేమ్స్‌తో వచ్చింది. కోనసీమకు మాత్రం ఈ సామాను ఢిల్లీ నుంచి కాదు, ఎక్కువగా గల్ఫ్ నుంచి దిగింది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్లు ఛుట్టీకి వచ్చేటప్పుడు అత్తరు, కంబళి, టేప్‌రికార్డర్‌తో పాటు వీసీఆర్ మోసుకొచ్చేవారు. కొందరు కెమెరా కూడా. ఇందులో మన నసీబ్ ఒకటుంది: ఆ ముల్కుల టీవీ కూడా మనలాగే పాల్ పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా నుంచి తెచ్చిన ఎన్.టి.ఎస్.సి. కెమెరా అయితే ఇక్కడి టీవీకి సరిగ్గా కుదరదు. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్, అక్కడిది 60. మన ట్యూబులైటు కింద ఆ కెమెరా బొమ్మ మినుకుమినుకుమంటుంది. గల్ఫ్ సామానుకు ఆ తక్లీఫ్ లేదు.

సామాను అటు నుంచి ఇటు వస్తే, క్యాసెట్లు ఇటు నుంచి అటు వెళ్లేవి. బేటీ నికాహ్‌కు ఛుట్టీ దొరకని అబ్బా, కువైట్ గదిలో పదిమందితో కూర్చుని రుఖ్సతీ చూసుకున్న జమానా అది. షాదీ వీడియో షౌక్ అనుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. చాలా ఖాందాన్లకు అది షౌక్ కాదు, జరూరత్. తస్వీర్ జాయిజా నాజాయిజా అన్న బహస్ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాని ఫైసలా ఉలమాలకు వదిలి నేను కెమెరా సంగతే చెబుతాను.

అప్పటి రాజా పానాసోనిక్. ఎం3000, తర్వాత ఎం9000. భుజం మీద పెట్టుకునే భారీ కెమెరాలు, పూర్తి సైజు క్యాసెట్టు అందులోనే పట్టేది. వీహెచ్ఎస్ బొమ్మకు అడ్డంగా సుమారు 240 గీతల వివరమే ఉంటుంది. వెలుతురు తక్కువైతే అదీ బురదే. అందుకే వెనకాల ఒక కుర్రాడు హాలోజన్ లైటు పట్టుకుని తిరిగేవాడు. ఆ వేడికి దుల్హన్ మేకప్ కరిగిపోయేది, ఇంటి ఫ్యూజు ఎగిరిపోయేది. షూటింగ్ అయ్యాక ‘మిక్సింగ్’. రెండు వీసీఆర్లు, మధ్యలో మిక్సర్ పెట్టి దుల్హన్ చెహరాను గులాబీ పువ్వులోంచి తిప్పడం. నవ్వకండి, ఆ గులాబీ కోసమే మిక్సింగ్ వాడికి పేరు. అలా తయారైన మాస్టర్ నుంచి మైకేకు ఒక కాపీ, ససురాల్‌కు ఒకటి. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు దింపిన ప్రతిసారీ బొమ్మ కొంత చెడుతుంది. గల్ఫ్‌కు వెళ్లేది తరచూ కాపీకి కాపీ. అందరికన్నా దూరాన ఉన్నవాడికి అందరికన్నా మసక బొమ్మ దక్కేది.

మన షాదీల్లో ఇంకో మసలా జనానా. ఖాజీ సాబ్, వకీల్, గవాహులు మర్దానా వైపు. అక్కడ వీడియో ఆయన ఎంతసేపైనా నిలబడొచ్చు. మేంహదీ, జల్వా జరిగేది లోపల. పరాయి మర్దును లోపలికి రానిచ్చేందుకు చాలా ఇళ్లలో పెద్దలు ఒప్పుకునేవారు కాదు. ఎం9000ను ఖాలా భుజం మీద పెట్టలేం. అరచేతిలో పట్టే హ్యాండీక్యామ్ వచ్చాకే జనానా సందడి అసలు రికార్డయింది. ఆపాలు, ఫుప్పులు, కాలేజీ పిల్లలు తీసిన ఆ వణికే బొమ్మలే నాకు ఇవాళ ఎక్కువ ఖీమతీగా కనిపిస్తాయి. బజార్లో మాత్రం దీనికి ఉల్టా లెక్క నడిచింది. కెమెరా ఎంత పెద్దదైతే ఫోటోగ్రాఫర్‌కు అంత ఇజ్జత్. సోనీ ఈ నబ్జ్ పట్టుకుని 2007లో హెచ్‌డీ1000 దింపింది. చూడటానికి భుజం కెమెరా, లోపల ఉన్నది దాదాపు హ్యాండీక్యామే. డబ్బా పెద్దది కాబట్టి షాదీఖానాలో దానికి జాగా ఇచ్చేవారు.

అసలు మలుపు 1995లో డీవీ పద్ధతితో వచ్చింది. సోనీ వీఎక్స్1000తో బొమ్మ అంకెలుగా మారి, ఫైర్‌వైర్ తీగ గుండా కంప్యూటర్‌లోకి నడిచి వెళ్లింది. తర్వాత 2000లో పీడీ150, దాని వెనకే పీడీ170. తక్కువ వెలుతురులో పీడీ170కి జవాబు లేదు. హాలోజన్ వేడి కాస్త తగ్గింది. ఇక్కడి నుంచి కెమెరా ఒక్కటి కొంటే సరిపోదు, కంప్యూటర్ కూడా కొనాలి. హిసాబ్ చూడండి. గంట డీవీ టేపుకు సుమారు 13 జీబీ. అప్పటి హార్డ్ డిస్కులు 20, 40 జీబీ. విండోస్ 98లో 4 జీబీ దాటిన ఫైలు కుదరదు కాబట్టి టేపును తునకలుగా ఎక్కించాలి. విండోస్ 2000, ఎక్స్‌పీ వచ్చాక ఆ బాధ పోయింది. ఇంకో సంగతి, మూడు గంటల టేపు ఎక్కడానికి మూడు గంటలే పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. కింద గ్యాస్ నిండిన నేల ఇది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బ్లోఅవుటై 65 రోజులు మండింది. పైన మాత్రం కరెంటు కోతలు. అందుకే ఇక్కడ ఎడిటింగ్ పెట్టినవాడు ప్రాసెసర్ కన్నా ముందు యూపీఎస్ చూసుకోవాలి. అక్ల్‌మందీ అంటే అది.

హెచ్.డి. మన దగ్గరికి దొడ్డిదారిన వచ్చింది. 2004, 2005లలో సోనీ ఎఫ్ఎక్స్1, జెడ్1 కెమెరాలు హెచ్‌డీవీ పద్ధతిలో దిగాయి. అదే చిన్న టేపు, సెకనుకు అదే 25 మెగాబిట్లు, బొమ్మ మాత్రం 1440×1080. అంత పెద్ద బొమ్మ అంతే టేపులో ఎలా పట్టింది? డీవీలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉంటుంది. హెచ్‌డీవీలో పన్నెండు ఫ్రేములకు ఒకటి మాత్రమే పూర్తిది. మిగతావి ముందూ వెనకా చూసి తేడా లెక్క కట్టుకోవాలి. ఆ లెక్క మోసేది కంప్యూటరే. పెంటియం 4 దాని కింద నడుం విరగ్గొట్టుకుంది. కాబట్టి చాలామంది జెడ్1 కొని, దాన్ని డీవీలోకి తిప్పి వాడారు. చూసే టీవీ డబ్బా టీవీ, ఇచ్చేది 720×576 డీవీడీ, మరి హెచ్.డి. ఎవరి కోసం అన్నారు. వాళ్ల మాటలో తప్పు లేదు. కానీ ఆ సంవత్సరాల షాదీలు ఇవాళ్టి పెద్ద టీవీలో మసకగా కనిపిస్తుంటే దిల్ కలుక్కుమంటుంది. టేపు మీద హెచ్.డి. తీసి దాచి, డీవీడీ మాత్రం మామూలుగా ఇచ్చినవాళ్లు దూరం చూశారు.

కంప్యూటర్ మెల్లగా అందుకుంది. 2006లో కోర్ 2 డుయో, 2008 చివర కోర్ ఐ7. కానోపస్ ఎడియస్ వాడేవాళ్లు హెచ్‌డీవీని ఆ కంపెనీ సొంత హెచ్‌క్యూ ఫైలుగా మార్చి కోసేవారు. డిస్కు ఎక్కువ తింటుంది, ప్రాసెసర్‌కు హాయి. 2010లో ప్రీమియర్ సీఎస్5 ఎన్విడియా గ్రాఫిక్ కార్డును పనిలో పెట్టడంతో ఆ కార్డు పిల్లల గేముల సామాను కాకుండా రోజీకి ఔజార్ అయింది.

ఇంతలో ఫోటో కెమెరా వీడియో తీయడం మొదలుపెట్టింది. కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చింది 2008లో. పెద్ద సెన్సార్, వెనకంతా మెత్తగా మసకై చెహరా ఒక్కటే నిలిచే సినిమా బొమ్మ. అందరూ ఫిదా. మొదట్లో అది 30 ఫ్రేములే ఇచ్చేది. మన 25 ఫ్రేముల రెండో కెమెరాతో కలిపితే కుదుపు. 2010 మార్చిలో కొత్త ఫర్మ్‌వేర్‌తో 25 వచ్చింది. మరుసటి ఏడు రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను ఆ కెమెరాతోనే ఐదు రోజుల్లో తీశాక, ‘సినిమా తీసిన కెమెరా’ అన్న మాట ఒక్కటి చాలు, బయానా చేతికి వచ్చేది.

అయితే నికాహ్ మజ్లిస్‌కు ఆ కెమెరా అంత నమ్మకమైంది కాదు. ఫైలు 4 జీబీకి చేరగానే, అంటే సుమారు 12 నిమిషాలకు, రికార్డింగ్ ఆగిపోతుంది. ఖుత్బా మొదట్లో బటన్ నొక్కితే, దుల్హా ‘ఖుబూల్ కియా’ అనే వేళకు ఆగిపోయి ఉండొచ్చు. దానికి రీటేక్ లేదు. ఆవాజ్ ఇంకో తంటా. కెమెరా మైకు ఫ్యాను హోరు పట్టినంత బాగా దుల్హా మెల్లగా అన్న మాటను పట్టదు. హునర్ ఉన్నవాళ్లు రెండు కెమెరాలు అయిదారు నిమిషాల తేడాతో ఆన్ చేసేవారు, ఖాజీ సాబ్ ముందు జూమ్ హెచ్4ఎన్ లాంటి చిన్న రికార్డర్ పెట్టేవారు. లేదంటే ఒక మూల ఎంసీ1500 లాంటి మామూలు వీడియో కెమెరా ఆగకుండా నడిపేవారు. నన్నడిగితే ఆ మూల కెమెరాదే అసలు రికార్డు, 5డీది సింగారం.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే. టేపు పోయి కార్డు, ఎంసీ2500, సోనీ ఏ7 త్రీ, 4కే, డ్రోన్. 4కే సెకనుకు 100 మెగాబిట్లయితే గంటకు 45 జీబీ; నాలుగు కెమెరాల వలీమా ఒక్కటే డిస్కును మింగేస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో నికాహ్ లైవ్ మామూలైంది, కువైట్ అబ్బా అదే క్షణాన చూశాడు. 2022 మే 24 అల్లర్ల తర్వాత కోనసీమలో చాలా రోజులు ఇంటర్నెట్ ఆగింది. లైవ్ మీదే భరోసా పెట్టుకోరాదని ఆ రోజులు చెప్పాయి.

ఇప్పుడు పిల్లలెవరైనా ఈ రోజీలో దిగుతామంటే, నేను కెమెరాను జాబితాలో నాలుగోదిగా పెడతాను. ముందు మైకు, తర్వాత లైటు, తర్వాత రెండో హార్డ్ డిస్కు. మన గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉన్నాయి. లెన్సుకు ఫంగస్ పడితే తుడిస్తే పోదు, గాజును తినేస్తుంది. తేమ 40, 50 శాతం దగ్గర నిలిపే డ్రై క్యాబినెట్ ఒక లెన్సు కన్నా చౌక. అంతా కొనలేకపోతే మూత గట్టిగా పడే డబ్బా, సిలికా జెల్ చాలు. బియ్యంలో పెట్టకండి, దుమ్ము చేరుతుంది.

ఇక అల్మారాలోని క్యాసెట్. 1996 నవంబరు 6 తుఫానులో ఇళ్ల కప్పులు లేచిపోయిన చోట ఎన్ని క్యాసెట్లు పోయాయో మీ నానీమాను అడగండి. మిగిలినవాటికి ఇప్పుడు వేరే తుఫాను. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. ఇక ఉన్నవాటిని బాగుచేయించుకోవడమే. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున తెల్లటి బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకండి, హెడ్డు పాడవుతుంది, టేపు తెగుతుంది. ముందు శుభ్రం చేయించాలి. బూజు లేకపోతే ఒకసారి చివరి దాకా, మళ్లీ మొదటి దాకా తిప్పి, ఒకే దఫాలో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఫైలును చిన్నదిగా నొక్కించకండి. ఒక కాపీ మైకేలో, ఒకటి ససురాల్‌లో ఉంచి, తెరమీద ఎవరెవరు కనిపిస్తున్నారో బడే అమ్మీ పక్కన కూర్చుని పేర్లు రాయించుకోండి. ఆ లైటు పట్టుకున్న కుర్రాడి పేరు కూడా.