కాయపై కుదిరిన చేయి

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనివే. ఆ రాష్ట్రములో కంటివైద్యమునకు పెద్ద దిక్కు మద్రాసులో 1819లో స్థాపింపబడిన కంటి ఆసుపత్రి.

దక్షిణదేశపు పల్లెలలో మరియొక వైద్యుడును ఉండెను. అతడు ఊరూర తిరుగుచు, శుక్లము పట్టిన కటకమును సూదితో కంటిలోపలికే త్రోసివేయువాడు. చూపు వెంటనే వచ్చెడిది. కాని ఆ కన్నులలో పెక్కు తరువాత వాచి చెడిపోయెడివి. మద్రాసు ఆసుపత్రి సూపరింటెండెంటుగా పనిచేసిన ఇలియట్ ఈ కీడును పరిశోధించి 1918లో గ్రంథము ప్రకటించెను.

అంతకు ముందే, 1747లో, ఫ్రాన్సు దేశీయుడు డావియెల్ కటకమును లోనికి త్రోయక వెలికి తీసెను. ఈ పద్ధతి మేలైనది. కాని ఎక్కువ నేర్పు కావలెను.

ఆ నేర్పు ఎట్లు వచ్చును? కోతలను ముందుగా గుమ్మడి, సొర, దోస వంటి కాయలపై అభ్యసింపుమని సుశ్రుతుడు శిష్యులకు విధించెను. నేటి వైద్యవిద్యార్థి మేక కంటిపై సూక్ష్మదర్శిని క్రింద సాధన చేయును. పిదప గురువు ప్రక్కన నిలిచి సులభమైన అంచెలను మొదట, కఠినమైనవానిని తుదకు నేర్చును. కటకపు వెనుకపొర మందము మిల్లీమీటరులో నూరవవంతైనను ఉండదు. అది చినిగినచో కంటిలోని జిగురుపదార్థము ముందుకు వచ్చి చూపునకే ముప్పు తెచ్చును. కనుక ఆపదను గుర్తించి సరిదిద్దుటయు శిక్షణలో భాగమే.

ఉదయగిరి వృద్ధుని కన్ను ఎవరికిని మొదటి పాఠము కారాదు. కాయపై చేయి కుదిరిన పిదపనే కంటిపై కత్తి పెట్టవలెను.