ఏం చూసి అలా అనిపించింది?

న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1980లలో కూడా కిటకిటలాడేది. పికాసో ముందు, మతీస్ ముందు, వాన్ గో నక్షత్రాల రాత్రి ముందు జనం గుంపులు కట్టేవారు. మ్యూజియం వాళ్లు బొమ్మ పక్కన నిలబడి చక్కగా వివరించేవారు. వచ్చినవాళ్లు తలలూపుతూ వినేవారు, వెళ్తూ వెళ్తూ మెచ్చుకునేవారు. 1983 నుంచి ఆ మ్యూజియం విద్యా విభాగాన్ని నడిపిన ఫిలిప్ యెనవైన్‌కు ఇంతకన్నా ఏం కావాలి? అలాంటి సమయంలో మ్యూజియం ధర్మకర్తలు ఒక మాట అడిగారు: ఇంత చెబుతున్నాం సరే, వింటున్నవాళ్లు ఏమైనా నేర్చుకుంటున్నారా?

ఈ ప్రశ్నను దాటేయడం చాలా తేలిక. హాజరు లెక్కలు, మెచ్చుకోలు ఉత్తరాలు ముందు పెడితే ఎవరూ మారుమాట్లాడరు. యెనవైన్ అలా చేయలేదు. అబిగైల్ హౌసెన్ అనే పరిశోధకురాలిని పిలిపించి, నిజంగా ఏం జరుగుతోందో చూడమన్నారు. ఆవిడ తేల్చింది మింగుడుపడని సంగతి. వివరణ విని బయటికి వచ్చినవాళ్ల దగ్గర, విన్నదాంట్లో మిగిలింది అతి స్వల్పం. నచ్చడం నిజమే, నేర్చుకోవడం మాత్రం అబద్ధం.

హౌసెన్ పని చేసే పద్ధతి తెలిస్తే తర్వాతి కథంతా అర్థమవుతుంది. ఆవిడ ఎవరినీ పరీక్ష పెట్టినట్టు అడిగేది కాదు. మనిషిని ఒక బొమ్మ ముందు కూర్చోబెట్టి, చూస్తూ మనసులోకి ఏది వస్తే అది పైకి అనేయమనేది. మధ్యలో సరిదిద్దడం ఉండదు, అందించడం ఉండదు. అన్నదంతా రాసుకుని, ఒక్కో ఆలోచననూ విడదీసి చూసేది. ఏళ్ల తరబడి ఇలా విన్నాక, బొమ్మను చూసే తీరులో అయిదు దశలున్నాయని తేల్చింది. మొదటి దశలో ఉన్నవాళ్లు కథకులు. అదిగో ఆవిడ ఎవరికోసమో ఎదురుచూస్తోంది, కోపంగా ఉంది, మా మేనత్త ఇలాగే కూర్చుంటుంది అంటారు. వయసుతో, చదువుతో దీనికి పెద్దగా సంబంధం లేదు. బొమ్మలు చూసే అలవాటు లేకపోతే పెద్ద ఉద్యోగం చేసేవాడైనా అక్కడే ఉంటాడు. మ్యూజియానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదటి రెండు దశల దగ్గరే ఉన్నారు. వాళ్లకేమో క్యూబిజం చరిత్ర చెబుతున్నారు. ఆకలి వేసినవాడికి వంటల పుస్తకం చదివి వినిపించినట్టు.

అయితే ఏం చెప్పాలి? ఇక్కడే మలుపు. చెప్పడం మానేసి అడిగితే ఎలా ఉంటుందని యెనవైన్, హౌసెన్ ఆలోచించారు. అదీ తమకు తోచిన ప్రశ్నలు కాదు. కొత్తగా చూసేవాళ్ల మనసు తనంతట తానే నడిచే దారిలో ఉండే ప్రశ్నలు. చివరికి మిగిలినవి మూడు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి నీకలా అనిపించింది? ఇంకా ఏం కనిపిస్తోంది?

చదవడానికి చప్పగా ఉన్నాయి కదూ. మొదటి ప్రశ్న కథకులకు తలుపు తీస్తుంది. మూడోది, అయిపోయిందనుకున్నవాళ్లను మళ్లీ బొమ్మ దగ్గరికి పంపుతుంది. అసలు పనంతా రెండోదానిది. అక్కడ ‘ఎందుకు’ లేదు, గమనించండి. ఎందుకలా అన్నావు అంటే ఎదుటివాడు ముద్దాయి అయిపోతాడు. ఏం చూసి అంటే వేలు బొమ్మ మీదికి వెళ్తుంది, సాక్ష్యం వెతుక్కుంటుంది. దీన్ని తెలుగులో అడగాలంటే గొంతు కాస్త జాగ్రత్తగా పెట్టుకోవాలి. ‘ఏం చూసుకుని’ అని మాట జారితే దెబ్బలాటే.

1991 నాటికి ఈ పద్ధతి తొలి రూపంలో న్యూయార్క్ ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లింది. తర్వాత దీనికి విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్ అనే పేరు స్థిరపడింది. మినసోటా రాష్ట్రంలోని బైరన్ అనే చిన్న ఊళ్లో 1993 నుంచి 1998 దాకా అయిదేళ్లు పిల్లలను వెన్నంటి చూశారు. ఈ పాఠాలు లేని పిల్లలతో పోల్చి చూశారు. పాఠాలున్న పిల్లలకు ఋజువు చూపించి మాట్లాడే అలవాటు వచ్చింది. కళతో సంబంధం లేని విషయాల్లోనూ ఆ అలవాటు వాళ్లతో పాటే వెళ్లింది.

రకరకాల దేశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలుండే తరగతిలో ఇది ఎలా పనిచేస్తుందో చూడాలంటే విన్స్‌లో హోమర్ 1872లో వేసిన ‘స్నాప్ ద విప్’ చాలు. ఎర్రటి చిన్న బడి ముందు మైదానంలో పిల్లలు చేతులు పట్టుకుని గొలుసులా పరుగెత్తే ఆట. కొసన ఉన్నవాళ్లు విసురుకి పడిపోతున్నారు. ఒకడికి అది ఆట. ఇంకొకడికి తగువు. మరొకడి కన్ను ముందు ఆ వట్టికాళ్ల మీద పడుతుంది: చెప్పుల్లేవు, పేదవాళ్లేమో. చెప్పులు లేకుండా ఆడుకునే ఊరి నుంచి వచ్చిన పిల్ల, కాదు, ఆటకి విడిచారు అంటుంది. ఇంగ్లీషు ఇంకా సరిగా రాని పిల్లవాడు రెండు మాటలూ ఒక సైగా చేస్తే, టీచరు బొమ్మలో ఆ చోటును వేలితో చూపిస్తూ అదే సంగతిని నిండైన వాక్యంలో తిరిగి చెబుతుంది. తప్పు దిద్దినట్టు ఉండదు. తన ఆలోచన పెద్దవాళ్ల భాషలో ఎలా ఉంటుందో వాడి చెవిన పడుతుంది. క్యూబా, హైతీ కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన మయామీలో వుల్ఫ్‌సోనియన్ మ్యూజియం 2002లో ఈ పాఠాలను ప్రభుత్వ పాఠశాలలకు తీసుకెళ్లింది ఊరికే కాదు.

పిల్లలకన్నా టీచర్లకే ఇది కష్టం. తెలిసిన జవాబు నాలుక చివర ఆడుతుంటే దిగమింగుకోవాలి. బాగుంది, శభాష్ అనకూడదు; ఒకణ్ని మెచ్చుకుంటే మిగతావాళ్లు ఆ జవాబు చుట్టూ మూగుతారు. తిరిగి చెప్పేటప్పుడు తన అభిప్రాయం ఒక్క చుక్క కూడా కలపకూడదు. ఈ నిగ్రహం ఒంటరిగా అలవడేది కాదు. అందుకే శిక్షణలో టీచర్లే మొదట ఒక బొమ్మ ముందు కూర్చుని విద్యార్థుల్లా మాట్లాడతారు. ఆనక ఒకరి తరగతిలో ఇంకొకరు కూర్చుంటారు. పాఠం అయ్యాక నువ్వు బాగా చెప్పావు, చెప్పలేదు అని తీర్పులుండవు. ఆ పాప మాటను నువ్వు తిరిగి చెప్పినప్పుడు ఏం జారిపోయింది అన్న దగ్గర మొదలవుతుంది సంభాషణ. లెక్కల టీచరు, భాష టీచరు ఒకే బొమ్మ ముందు సమానంగా తెలియనివాళ్లయి కూర్చోవడం అనే దృశ్యం మన స్టాఫ్‌రూముల్లో నాకెప్పుడూ కనబడలేదు. డ్రాయింగ్ పీరియడ్ లెక్కలకి అప్పుగా పోవడం మాత్రం రోజూ చూశాను.

ఈ పద్ధతి మీద ఒక ఫిర్యాదు ఉంది, నాకది న్యాయంగానే తోస్తుంది. ఎవరు వేశారు, ఎప్పుడు, ఏ సందర్భంలో అన్నది చెప్పకుండా ఎంతసేపు? ఒక జాతి పూజించే ముసుగును పిల్లలు భలే దయ్యం అనుకుని నవ్వుకుంటే, ఏం చూసి అనిపించింది అని అడిగి ఊరుకోవడం సరిపోదు. పరాయి సంస్కృతిని కళ్లతో మాత్రమే చదివితే, కళ్లకున్న పాత అలవాట్లే గెలుస్తాయి. యెనవైన్ వర్గం జవాబు ఏమిటంటే, మొదలుపెట్టేవాళ్లకు తగిన బొమ్మను ఎంచుకోవడమే సగం పని. సమాచారం ఆకలి పుట్టాక వడ్డించాలి. ముసుగు విషయంలో నేనైతే అంత ఆగను.

న్యూయార్క్ టైమ్స్ 2012లో విద్యార్థుల కోసం మొదలుపెట్టిన శీర్షిక ఈ తగువును తనకు తోచినట్టు సర్దింది. పత్రికలో వచ్చిన ఒక ఫోటోను కింది వ్యాఖ్య తీసేసి పెడతారు, అవే మూడు ప్రశ్నలు అడుగుతారు. పిల్లలు చూసిందీ, ఊహించిందీ రాస్తారు. తీసేసిన వ్యాఖ్యను కొన్ని రోజులు పోయాక మళ్లీ బొమ్మ కింద అతికిస్తారు.