బూట్ పార్టిషన్ ఏర్పాటు

ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్, కెర్నల్ ఫైళ్ల కోసం డిస్కులో కేటాయించే భాగం బూట్ పార్టిషన్. సాధారణంగా సిస్టమ్‌ను ఎక్కించేటప్పుడు ఇన్‌స్టాలరే దీన్ని సిద్ధం చేస్తుంది.

1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీతో వచ్చిన డాస్ 2.0 హార్డ్ డిస్కును పార్టిషన్లుగా విడగొట్టే పద్ధతి తెచ్చింది. డిస్కు మొదటి సెక్టార్‌లోని 512 బైట్లే దానికి ఆధారం. అందులో 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టికకు, చివరి రెండు గుర్తుకు పోతాయి. ఇంత ఇరుకు చోట పూర్తి బూట్‌లోడర్ పట్టదు కనుక మిగతాది డిస్కులో మరోచోట నుంచి చదవాలి. కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే ఆనాటి బయోస్ 1024 సిలిండర్లు దాటి చదవలేకపోయేది. మొదట్లో ఆ హద్దు సుమారు 504 మెగాబైట్లు, తర్వాత దాదాపు 8 గిగాబైట్లు. కెర్నల్ అంతకు అవతల పడితే లిలో వంటి బూట్‌లోడర్‌కు అందేది కాదు. లినక్స్ వాడేవారు డిస్కు మొదట్లోనే చిన్న బూట్ పార్టిషన్ పెట్టుకోవడం అందుకే.

కొత్త బయోస్‌లతో ఆ హద్దు తొలగినా ఈ అలవాటు పోలేదు. కారణం మాత్రం మారింది. డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసినప్పుడు, తాళం తీసే కెర్నల్ తాళం బయటే ఉండాలి. అందుకే ఎన్‌క్రిప్షన్ ఎంచుకుంటే డెబియన్ అనే లినక్స్ ఇన్‌స్టాలర్ బూట్ పార్టిషన్‌ను విడిగా చేస్తుంది.

బయోస్‌కు బదులుగా ఇంటెల్ ఇటానియం ప్రాసెసర్ల కోసం మొదలుపెట్టిన ఈఎఫ్‌ఐ, 2005 నుంచి యూఈఎఫ్‌ఐగా అందరి ప్రమాణమైంది. ఇందులో ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌తో ఒక ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉంటుంది. ఇన్‌స్టాలర్ అక్కడ తన సిస్టమ్ పేరిట ఫోల్డర్ తెరిచి బూట్‌లోడర్‌ను ఉంచి, మదర్‌బోర్డు మెమరీలో దాని చిరునామా నమోదు చేస్తుంది. విండోస్ పక్కన లినక్స్ వేసేటప్పుడు ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌నే వాడుకోవాలి. దాన్ని ఫార్మాట్ చేస్తే విండోస్ బూట్‌లోడర్ చెరిగిపోయి, డేటా చెక్కుచెదరకపోయినా ఆ సిస్టమ్ తెరుచుకోదు.

ఇన్‌స్టాలేషన్ మొత్తంలో ఎక్కువ నష్టం చేయగల ప్రశ్నలు పార్టిషన్ల దగ్గరే ఎదురవుతాయి. అవి సొంత భాషలో కనబడటం పెద్ద మేలు. హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్ కోసం కృషి చేసింది. 2011 ఫిబ్రవరిలో వెలువడిన డెబియన్ 6.0 ఇన్‌స్టాలర్‌లో తెలుగు చేరింది, అదీ గ్రాఫికల్ తెరపైనే. అక్షరానికి ఒక గడి చొప్పున చూపే టెక్స్ట్ తెరపై ఒత్తులు, గుణింతాలు సరిగా కుదరవు.