దీర్ఘకాలిక నొప్పి

మూడు నెలలకు మించి కొనసాగే, లేదా అంతకాలంగా మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి, ఒళ్ళంతా నొప్పులుగా ఉండే ఫైబ్రోమయాల్జియా ఈ కోవలోనివి. కొందరిలో కీళ్ళ అరుగుదల వంటి వ్యాధి దీనికి మూలం కాగా, మరికొందరిలో దెబ్బ మానిన తరువాత కూడా నొప్పి మిగిలిపోతుంది. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ వ్యాధుల వర్గీకరణలో దీనికి ప్రత్యేక స్థానం కల్పించారు.

నొప్పి కలిగే తీరు

దెబ్బ తగిలిన చోటు నుండి నాడులు మోసుకుపోయేది నొప్పి కాదు, ప్రమాద సంకేతం మాత్రమే. అది నొప్పిగా అనుభవంలోకి వచ్చేది మెదడులో. ఈ సంకేతాలను ఆపగల లేదా వదలగల ద్వారం వంటి ఏర్పాటు వెన్నుపాములో ఉన్నదని 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే ఉపశమనం కలగడానికి కారణం ఇదేనని వివరిస్తారు. ఈ సిద్ధాంతంలోని వివరాలు కొన్ని తరువాత మారినా మూల భావన నిలిచింది. గాయం తరువాత వెన్నుపాములోని నాడీకణాలు అతిగా స్పందించసాగుతాయని 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ఎలుకలపై ప్రయోగాలతో చూపాడు. ఈ స్థితిలో మామూలు కదలిక కూడా బాధిస్తుంది. కనుక నొప్పి తీవ్రత శరీరానికి జరిగిన హానికి కొలమానం కాదు. అలాగని "అంతా నీ భ్రమ" అని రోగిని తీసిపారేయడం అన్యాయం. నాడీవ్యవస్థలో వచ్చిన మార్పు శారీరకమైనదే.

వ్యాయామం

పూర్వం నడుము నొప్పికి వైద్యులు మంచం దిగవద్దనేవారు. నేడు ఆ సలహా దాదాపు కనుమరుగైంది. కదలకపోతే కండరాలు బలహీనపడతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి, కదలాలంటే భయం పెరుగుతుంది.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉంది. కాస్త తెరిపిగా ఉన్న రోజున ఇంటి పనంతా ఒక్కసారే చేసి, తరువాత రెండు మూడు రోజులు మంచాన పడటం చాలామందిలో కనిపిస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్బర్ట్ ఫోర్డైస్ ఇందుకు విరుగుడుగా, నొప్పి ఆపమన్నప్పుడు కాక ముందుగా నిర్ణయించుకున్న మోతాదు పూర్తికాగానే ఆపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఉదాహరణకు, నొప్పి పెరగకుండా పది నిమిషాలు నడవగలవారు ఎనిమిది నిమిషాలతో మొదలుపెట్టి, బాగున్న రోజైనా బాగులేని రోజైనా అంతే నడిచి, వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచుకోవచ్చు. మొదట్లో కొద్దిగా నొప్పి పెరగడం సహజం. పెరిగిన నొప్పి మరునాటికి కూడా తగ్గకపోతే మోతాదు తగ్గించాలి.

నడక, ఈత, సైకిలు, యోగాసనాలు, కండరాల బలం పెంచే వ్యాయామాలు - వీటిలో ఏదో ఒకటే అందరికీ మేలైనదని తేలలేదు. విడువకుండా చేయగలిగినదే ఎంచుకోవడం మంచిది. వ్యాయామం నొప్పిని పూర్తిగా పోగొడుతుందని మాత్రం చెప్పలేము. తగ్గుదల చాలామందిలో పరిమితంగానే ఉంటుంది, పనులు చేసుకునే శక్తి అంతకన్నా మెరుగుపడవచ్చు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో, వేరే వ్యాధి మూలంగా కనబడని దీర్ఘకాలిక నొప్పికి వ్యాయామాన్ని సిఫారసు చేస్తూ, పారాసిటమాల్, నల్లమందు తరగతి మందులు మొదలుపెట్టవద్దని సూచించింది.

జాగ్రత్తలు

నొప్పితో పాటు మలమూత్రాలపై అదుపు తప్పడం, కాళ్ళు చచ్చుబడటం, నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం వంటివి ఉన్నవారు వ్యాయామం మొదలుపెట్టే ముందు వైద్యుని సంప్రదించాలి.