ఫాంటసీ క్రికెట్‌లో బౌలర్ల ఎంపిక: నేర్పు ఎంత, అదృష్టం ఎంత?

మైదానంలో ఆడబోయే క్రీడాకారుల నుంచి పదకొండు మందిని ఎంచుకుని ఊహాజట్టుగా కూర్చి, వారి ప్రదర్శనను బట్టి పాయింట్లు లెక్కించే ఆటే ఫాంటసీ క్రికెట్. సివిల్స్, ఎస్‌ఎస్‌సి పరీక్షల అభ్యర్థులతో నిండి ఉండే ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌కు, అక్కడి అద్దె గదుల్లో ఉండి చదువుకునే తెలుగు యువతకు ఈ ఆట విషయంలో కొన్నేళ్లపాటు ఒక విచిత్ర పరిస్థితి ఉండేది. సొంత రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడరాని ఆటను దేశ రాజధానిలో నిరాటంకంగా ఆడగలిగేవారు. దీనికి కారణం బౌలర్ల ఎంపిక వంటి ప్రశ్నలోనే ఉన్నది.

ఈ తరహా ఆటలకు విస్తృత ప్రచారం తెచ్చినది బేస్‌బాల్. 1980లో న్యూయార్క్‌లో రచయిత డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు ఆరంభించిన రొటిస్సరీ లీగ్‌లో ఆటగాళ్లను వేలంలో ఎంచుకునేవారు. పిచర్ల ఎంపిక అందులో చిక్కు సమస్య. పిచర్ ఖాతాలో పడే ‘విజయం’ సహచరులు సాధించే పరుగుల మీద కూడా ఆధారపడుతుంది. మోచేతి గాయం ఒక్కటి చాలు, ఏడాదంతా వృథా కావడానికి.

క్రికెట్‌లో బౌలర్‌దీ దాదాపు ఇదే స్థితి. బ్యాటర్ చేసే ఒక్కో పరుగుకు ఒక పాయింటు వస్తే, టీ20 పోటీల్లో ఒక్క వికెట్‌కు పాతిక పాయింట్లు ఇచ్చే పద్ధతి చాలాకాలం వాడుకలో ఉన్నది. బౌల్డ్, ఎల్‌బీడబ్ల్యూలకు అదనపు పాయింట్లుండేవి. ఓవర్‌కు ఇచ్చిన పరుగులను బట్టి కలిపేవి, కోసేవి మరికొన్ని. అందువల్ల అనుభవజ్ఞులు పేరుప్రతిష్ఠల కంటే ముందు ఆ బౌలర్ ఏ ఓవర్లు వేస్తాడన్నది గమనిస్తారు. చివరి నాలుగు ఓవర్లలో బ్యాటర్లు తెగించి ఆడతారు కనుక పరుగులు పోయినా వికెట్లు దక్కుతాయి. పిచ్ స్వభావం, బౌండరీల దూరం, రాత్రి మంచు ప్రభావం కూడా లెక్కలోకి వస్తాయి. ఐపీఎల్‌లో 2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన రావడంతో మరో చిక్కు చేరింది. మొదట బ్యాటింగ్ చేసే జట్టు ఒక బౌలర్‌ను తొలి పదకొండు మందిలో చేర్చకుండా, రెండో ఇన్నింగ్స్‌లో దించవచ్చు.

ఇంత లెక్క వేసినా ఫలితం చేతిలో ఉండదు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో జరిగిన ఆసియా కప్ ఫైనల్ దీనికి చక్కని ఉదాహరణ. ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన కుల్దీప్ యాదవ్‌ను ఎంచుకోవడం ఏ విధంగా చూసినా సమంజసమే. కానీ హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ ఒకే ఓవర్‌లో నాలుగు వికెట్లు కూల్చి, మొత్తం 21 పరుగులకు 6 వికెట్లు తీశాడు. శ్రీలంక 15.2 ఓవర్లలో 50 పరుగులకే ఆలౌటైంది. కుల్దీప్‌కు దక్కినది ఒక్క ఓవర్, వికెట్లేమీ లేవు. సహచరుడు మరీ బాగా బౌలింగ్ చేయడమే అతని పాయింట్లకు గండికొట్టింది!

మరి ఇది నేర్పా, జూదమా? ఈ వాదానికి తెలుగు నేలతో పాత సంబంధమున్నది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని తేల్చింది. 2017లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఫాంటసీ క్రీడల విషయంలోనూ అదే అభిప్రాయానికి వచ్చింది. అయితే 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ 1974 నాటి గేమింగ్ చట్టాలను సవరించి, నైపుణ్యమున్నా సరే, పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. ఢిల్లీ చట్టం మాత్రం నైపుణ్య క్రీడలను మినహాయిస్తూ వచ్చింది. ముఖర్జీ నగర్‌లోని వింత పరిస్థితికి మూలమిదే.

కోర్టుల వాదనల్లో అంతగా వినిపించని అంకగణితం ఒకటుంది. వసూలైన ప్రవేశ రుసుములో కొంత నిర్వాహక సంస్థ తీసుకుంటుంది, మిగిలినదే బహుమతిగా పంచుతుంది. కాబట్టి అందరూ ఉద్దండులే అయినా, మొత్తం మీద ఆడేవారు చెల్లించినదాని కంటే తక్కువే తిరిగి పొందుతారు. గెలిచిన నికర సొమ్ముపై 30 శాతం ఆదాయపు పన్ను కూడా పడుతుంది. ఇంటి నుంచి వచ్చే నెల ఖర్చుతో గది అద్దె, భోజనం, కోచింగ్ ఫీజు సర్దుకోవలసిన అభ్యర్థికి ఇది చిన్న విషయం కాదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నేర్పు, అదృష్టం అన్న తేడాను పక్కనబెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. ఆగస్టు 22న దానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆడినవారికి మాత్రం ఈ చట్టంలో శిక్ష లేదు. డ్రీమ్11 వంటి సంస్థలు రుసుముతో కూడిన పోటీలను నిలిపివేశాయి. డబ్బు ప్రసక్తి లేకుండా మిత్రులు జట్లు కట్టుకుని పాయింట్లు చూసుకోవడానికి ఇప్పటికీ అభ్యంతరం లేదు. నకిలీ యాప్‌లలో సొమ్ము పోగొట్టుకున్నవారు సైబర్ నేరాల సహాయ కేంద్రానికి 1930 నంబరుపై ఫిర్యాదు చేయవచ్చు.