పార్టీ జెండా, ప్రార్థన మందిరం

ఎన్నికలు దగ్గరపడితే మన గూడేల్లో ఒక ప్రశ్న వినబడుతుంది. "పాస్టరు గారు ఎటు?" ఆయన ఎటుంటే సంఘం ఓట్లన్నీ అటేనని పార్టీలవాళ్ల లెక్క. గుడి కమిటీ దగ్గరికి వెళ్లినా అదే లెక్క వేస్తారు. ఒకే గోత్రంవాళ్లు, నిన్నటిదాకా ఒకే చోట కొత్తల పండగ చేసుకున్నవాళ్లు, ఓటు దగ్గరికొచ్చేసరికి రెండు మతాల గుంపులుగా కనిపిస్తారు. మతం మారిన ఆదివాసులను ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలనే డిమాండు కూడా దేశంలో కొన్నిచోట్ల వినిపిస్తోంది. ఎస్సీలకు 1950 ఉత్తర్వులో పెట్టిన మతం షరతు మనకు లేదు. ఈ సంగతి మన యువతలో చాలామందికి తెలియదు. చర్చి ఒక పార్టీకి దగ్గరైతే దాని బరువు చివరికి ఎవరి మీద పడుతుందో ఆలోచించాల్సిన వాళ్లం మనం.

ఆ ఆలోచనకు పనికొచ్చే చరిత్ర అమెరికాలో ఉంది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకూ, ఇటు నాగా కొండలకూ బాప్టిస్టు మిషనరీలు వచ్చింది అక్కడినుంచే. బైబిలే చివరి మాట అనీ, ప్రతి మనిషీ తనంతట తాను మారుమనస్సు పొందాలనీ, సువార్త ప్రకటించాలనీ గట్టిగా పట్టుకునే సంఘాలను ఇవాంజెలికల్ చర్చీలంటారు. బాప్టిస్టుల్లో చాలామంది ఈ కోవలోకే వస్తారు.

అమెరికా నేల మీద తొలి బాప్టిస్టు సంఘం 1638లో ప్రావిడెన్స్‌లో ఏర్పడింది. దాన్ని కూడగట్టిన రోజర్ విలియమ్స్ అంతకుముందు మసాచుసెట్స్ నుంచి బహిష్కరణకు గురైనవాడు. ఆయన మీద పాలకులకు రెండు కోపాలు. మనిషి విశ్వాసం మీద ప్రభుత్వానికి అధికారం లేదన్నాడు. ఇంగ్లండు రాజు తనది కాని భూమిని పట్టా రాసి ఇవ్వలేడనీ, ఆ భూమి అక్కడి ఆదివాసులదనీ కూడా అన్నాడు. నారగాన్సెట్ తెగ పెద్దలను అడిగి స్థలం తీసుకుని ప్రావిడెన్స్ ఊరు కట్టాడు. వాళ్ల భాష నేర్చుకుని 1643లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. చర్చి ఒక తోట అయితే, దానికీ లోకానికీ మధ్య గోడ ఉండాలన్నది ఆయన మాటే. ఆ గోడ గురించి పుస్తకాలు చాలా చెబుతాయి, భూమి గురించి అంతగా చెప్పవు. మనం రెండూ కలిపి చదవాలి.

మూడు వందల ఏళ్ల తర్వాత ఆ బాప్టిస్టుల్లోంచే ఆ గోడను దాటినవాడు జెర్రీ ఫాల్వెల్. వర్జీనియా రాష్ట్రం లించ్‌బర్గ్‌లో పెద్ద సంఘానికి పాస్టరు. 1965 మార్చి 21న, సెల్మా నుంచి నల్లవాళ్లు ఓటు హక్కు కోసం నడక మొదలుపెట్టిన రోజునే, ఆయన ఒక ప్రసంగం చేశాడు. బోధకుల పని ఆత్మలను రక్షించడమే, రాజకీయం కాదు అని దాని సారం. వినడానికి బాగానే ఉంది. రెండేళ్లకు, 1967లో, ఆయనే ఒక ప్రైవేటు బడి పెట్టాడు. అది తెల్లవాళ్ల పిల్లల బడి అని స్థానిక పత్రికే రాసింది. నల్లపిల్లలను చేర్చుకోని ప్రైవేటు బడులకు పన్ను మినహాయింపు ఉండదని 1970ల్లో ప్రభుత్వం పట్టుబట్టింది. అప్పుడు ఇలాంటి బడులు నడిపే చర్చీలకు రాజకీయం గుర్తొచ్చింది. గర్భస్రావం వల్లే ఈ ఉద్యమం పుట్టిందని చాలామంది అనుకుంటారు. కానీ ముందు నిప్పు రాజేసింది బడుల పన్ను గొడవేనని ఉద్యమాన్ని వెనకుండి నడిపిన పాల్ వెయ్‌రిచ్ తర్వాత చెప్పాడు.

1979లో ఫాల్వెల్ 'మోరల్ మెజారిటీ' పెట్టాడు. 1980 ఎన్నికల్లో అది రీగన్ వైపు నిలబడింది. ఎదుట ఉన్న జిమ్మీ కార్టర్ తన చర్చిలో ఆదివారం బైబిలు పాఠం చెప్పే బాప్టిస్టు! మనవాడా కాదా అన్నది పార్టీ తేల్చింది, విశ్వాసం కాదు.

సంస్థ 1989లో మూతబడింది. పదేళ్లకు, 1999లో, ఫాల్వెల్ కుడిభుజాలుగా పనిచేసిన ఇద్దరు, కాల్ థామస్, పాస్టరు ఎడ్ డాబ్సన్, కలిసి పుస్తకం రాశారు. అధికారం వెంటపడి చర్చి తన పని మరిచిందని వాళ్ల వాదన. చందాల కోసం పంపే ఉత్తరంలో ఎప్పుడూ ఒక శత్రువు ఉండి తీరాలట. భయపెడితేనే డబ్బు వస్తుంది. లోపల ఉండి చూసినవాళ్లు చెప్పిన మాట కాబట్టి దీనికి విలువ ఎక్కువ.

2004 సంగతి ఇంకా ఆసక్తికరం. మిన్నెసోటాలో వుడ్‌లాండ్ హిల్స్ చర్చి పాస్టరు గ్రెగ్ బాయిడ్‌ను ఆ ఎన్నికల్లో ఫలానావాళ్లకు మద్దతు చెప్పమని కొందరు ఒత్తిడి పెట్టారు. ఆయన ఒప్పుకోలేదు. పైగా సిలువకూ కత్తికీ పొత్తు కుదరదని వరుసగా ఆరు ప్రసంగాలు చేశాడు. గర్భస్రావానికి ఆయనా వ్యతిరేకే. చర్చి పార్టీ కార్యాలయం కాకూడదన్నదే ఆయన పట్టు. సుమారు 5,000 మంది ఉన్న సంఘంలో దాదాపు 1,000 మంది వెళ్లిపోయారు. కానుకలు తగ్గాయి, కొందరు సిబ్బందిని తీసేయాల్సి వచ్చింది. వెళ్లినవాళ్లు ఎక్కువగా బాగా బతికే తెల్లవాళ్లు. తర్వాత వచ్చి చేరింది చుట్టుపక్కల పేటల్లోని నల్లవాళ్లు, లాటిన్ అమెరికా మూలాలవాళ్లు, లావోస్ నుంచి వలస వచ్చిన హ్మోంగ్‌లు. హ్మోంగ్‌లు మనలాంటి కొండ జనమే. యుద్ధంలో అమెరికా వాళ్ల చేతికి తుపాకులిచ్చింది, యుద్ధం పోయాక వాళ్లు కాందిశీకులయ్యారు. పార్టీ బోర్డు లేని తలుపులోంచి లోపలికి ఎవరు రాగలిగారో ఇక్కడ తెలుస్తోంది.

ఇలాంటి పాస్టర్లు ఎక్కువమంది కారు. 2016లో తెల్ల ఇవాంజెలికల్ ఓటర్లలో దాదాపు 80 శాతం ట్రంప్‌కే వేశారు. పార్టీని వదిలిన సంఘానికి వెంటనే నష్టం, వదలనివాటికి వెంటనే లాభం. అందుకే ఈ మార్పు నత్తనడకన సాగుతోంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. 1965లో ఫాల్వెల్ కూడా "రాజకీయం వద్దు" అన్నవాడే. పార్టీకి దూరంగా ఉంటామనే సంఘాన్ని నేను ఒకటే అడుగుతాను: మీ ఊళ్లో పోడు భూమి పట్టా రానివాడి పక్కన, అతను మీ సంఘంవాడు కాకపోయినా, నిలబడతారా?

నాగా కొండల్లో ఈ రెండూ విడివిడిగా చేసి చూపించిన కాలం ఒకటుంది. 1872లో మిషనరీ క్లార్క్ ఆవో నాగాల ఊరికి వచ్చాక అక్కడ బాప్టిస్టు సంఘాలు పెరిగాయి. 1950ల్లో సైన్యానికీ నాగా సాయుధులకూ మధ్య ఊళ్లు కాలిపోతుంటే, 1964లో బాప్టిస్టు చర్చి కౌన్సిలే శాంతి బృందాన్ని పిలిచింది. జయప్రకాశ్ నారాయణ్, అస్సాం ముఖ్యమంత్రి చలీహా, మైఖేల్ స్కాట్ అందులో ఉన్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 6న కాల్పులు ఆగాయి. ఇరువైపులవాళ్లూ నమ్మి మాట్లాడగలిగిన చోటు చర్చి ఒక్కటే మిగిలింది కాబట్టే అది సాధ్యమైంది.

అదే కౌన్సిల్ 2012లో 'క్లీన్ ఎలక్షన్' ప్రచారం మొదలుపెట్టింది. ఓటుకు డబ్బు తీసుకోవద్దు, ఇంట్లో అందరి ఓట్లూ ఒకడే వెయ్యొద్దు, ఎవరి ఓటు వాళ్లే వెయ్యాలి అని ఊరూరా చెప్పింది. ఫలానా పార్టీకి వెయ్యమని చెప్పలేదు. ఈ పని మన దగ్గర ఏ పాస్టరైనా, ఏ పూజారైనా, ఏ మాస్టరైనా రేపే చెయ్యొచ్చు.

2018 ఎన్నికల ముందు మాత్రం కౌన్సిల్ గీత దాటింది. పార్టీల అధ్యక్షులకు బహిరంగ లేఖ రాసి, బీజేపీ వైపు వెళ్లడం విశ్వాసాన్ని అమ్ముకోవడమేనన్నట్టు హెచ్చరించింది. దేశంలో మైనారిటీల భయం నాకు అర్థమవుతుంది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. అయినా ఒక పార్టీ పేరు ఎత్తాక, ఆ పార్టీకి వేసే విశ్వాసి ఏమనుకోవాలి? ఆ పార్టీ 20 చోట్ల పోటీచేసి 12 గెలిచింది. ఆ ఓట్లు వేసినవాళ్లలో చాలామంది ఆ తర్వాతి ఆదివారం అదే కౌన్సిల్ కింది చర్చీల్లోనే బల్లల మీద కూర్చున్నారు.