ఇంటి పడక, ఇంటి మాట: హోసూరు ప్రాంతపు తెలుగు ఇళ్లలో అవసానకాల సేవ

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు హోసూరు తాలూకా మద్రాసు రాష్ట్రంలో, సేలం జిల్లాలోనే నిలిచిపోయింది. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా దాని చిరునామా అయ్యాయి. కచేరీలు, ఆసుపత్రులు తమిళంలో నడిచాయి. చాలా ఇళ్లు మాత్రం తెలుగులోనే నడిచాయి. అటువంటి ఇంటి భాషను పరిశీలించేటప్పుడు మనం పాటలు, సామెతలు, పెళ్లి వేడుకల మాటలు సేకరిస్తాం. ముసలివారు మంచం పట్టిన తరువాత ఆ ఇంట్లో వినిపించే మాటలపై మన దృష్టి అంతగా పడలేదు. ఆ మాటలకు ఈనాడు వైద్యపరమైన విలువ కూడా ఉందని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వం పెద్దలు ఇంట్లోనే కన్నుమూసేవారు. దీనిని కుటుంబధర్మంగా మాత్రమే చెప్పుకోవడం పూర్తి చరిత్ర కాదు. చాలామందికి వేరే దారి లేకపోయింది. రాగిజావ తాగించడం, పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, గుడ్డలు ఉతకడం వంటి పనులు ఎక్కువగా కోడళ్లు, కూతుళ్ల మీదే పడేవి. చివరి గడియలలో మంచం మీదినుంచి నేలకు దించడం, తులసి తీర్థం పోయడం పలు ఇళ్లలో ఆచారం. సేవకు లోటు లేని ఇళ్లలో కూడా నొప్పికి మందు మాత్రం దుర్లభంగానే ఉండేది.

ఆధునిక కాలంలో కూడా ఆ లోటు వెంటనే తీరలేదు. నల్లమందు పంటను చట్టబద్ధంగా పండించే దేశమే అయినా, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తరువాత అనుమతుల చిక్కులవల్ల వైద్యానికి వాడే మార్ఫిన్ బాగా తగ్గిపోయింది. 1986లో బొంబాయిలో శాంతి అవేదన సదన్ మొదలైంది. 1994లో భారత పాలియేటివ్ కేర్ సంఘం ఏర్పడింది. హోసూరుకు పొరుగున ఉన్న బెంగుళూరులో అదే సంవత్సరం ఏర్పడిన బెంగుళూరు హాస్పిస్ ట్రస్టు, తన కరుణాశ్రయ భవనం సిద్ధం కాకముందే, 1995లో రోగుల ఇళ్లకు వెళ్లి సేవ చేయడం ప్రారంభించింది. 2014లో చట్టాన్ని సవరించి మార్ఫిన్ అనుమతులను సులభం చేశారు. 2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజల వద్దకే వైద్యం) పథకాన్ని కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే ప్రారంభించింది. మంచం పట్టినవారికి నర్సు సేవ, అంగమర్దన చికిత్స ఇంటివద్దనే అందించడం ఇందులో భాగం. ఈ విధంగా ప్రభుత్వం ముసలివారి పడక దగ్గరికి వచ్చింది.

అయితే పడక దగ్గర జరిగే మొదటి పని ప్రశ్న అడగడం. నొప్పి ఎక్కడ, ఎలా ఉంది? తెలుగువారికి నొప్పి ఒక్కటి కాదు. సలుపు వేరు, పోటు వేరు, పీకు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. వైద్యానికి ఈ భేదం ముఖ్యం. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం తరచుగా నరాల నొప్పికి గుర్తులు. దానికి మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు, వేరే మందులు కలపవలసి రావచ్చు. తమిళంలోనూ ఇటువంటి భేదాలకు మాటలు ఉన్నాయి. కాని మధ్యవర్తిగా నిలిచిన మనుమడు అన్నిటినీ 'వలి' అని ఒక్క మాటతో తేల్చేస్తే ఆ భేదం అక్కడే పోతుంది. 2006 నాటి చట్టం ప్రకారం తమిళం బడులలో తప్పనిసరి అంశమైంది. చదువంతా తమిళంలో సాగిన పిల్లలకు అవ్వ చెప్పే 'పీకు' అన్న మాట అర్థం కాకపోవచ్చు.

ఇంకొక చిక్కు సిగ్గుకు సంబంధించినది. మార్ఫిన్ వాడేవారికి మలబద్ధకం సర్వసాధారణం. అందుకే విరేచనపు మందు కూడా మొదటినుంచే ఇస్తారు. ఆ విషయం మనుమడి చేత చెప్పించడానికి తాత ఒప్పుకోడు. కోడలు వింటుండగా అత్తగారు తన బాధను పూర్తిగా చెప్పకపోవచ్చు. "నాకేం, బాగానే ఉన్నా" అనే మాట వెనుక ఖర్చు భయం, బిడ్డలకు భారమన్న దిగులు ఉంటాయి. ఊరి ఆడవాళ్లే ఆరోగ్య సేవికలుగా ఉన్నచోట ఈ చిక్కు కొంత తగ్గుతుంది. నర్సు వేరే జిల్లానుంచి వస్తే ఆ అవకాశం తక్కువ.

కోలుకునే ఆశ లేనప్పుడు ఎటువంటి చికిత్స వద్దో ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. ఆ పత్రం విలువ కూడా పెద్దవారు తమ ఇష్టాన్ని తమకు తెలిసిన మాటలలో చెప్పగలగడం మీదే ఆధారపడి ఉంది.

కనుక హోసూరు, డెంకణికోట, బాగలూరు, బేరికె, శూలగిరి ప్రాంతాల తెలుగులో నొప్పిని, ఆయాసాన్ని, నిద్రలేమిని, దిగులును తెలిపే మాటలను సేకరించవలసి ఉంది. సేకరించినవారు వాటిని నిఘంటువుకు మాత్రమే పరిమితం చేయకుండా, తమిళ, కన్నడ లిపులలో కూడా అర్థాలతో ఒక చిన్న పట్టికగా కూర్చి నర్సుల చేతికి అందజేయాలి. మాండలిక పరిశోధనకు ఇంతకంటె తక్షణమైన ప్రయోజనం అరుదు. ఆ మాటలు తెలిసినవారు ఇప్పుడు వయసు మళ్లినవారే కావడంవల్ల ఈ పనిని వాయిదా వేయడానికి వీలులేదు.